వినబడితే చాలదు, మాట అందాలి: కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పెద్దవాళ్లకు మాట పరీక్ష చేసే తీరు

కాక్లియర్ ఇంప్లాంట్ అంటే లోపలి చెవిలో ఆపరేషన్ చేసి పెట్టే ఎలక్ట్రోడ్లు, చెవి మీద పెట్టుకునే మిషన్ (ప్రాసెసర్) కలిసి వినిపించే ఏర్పాటు. అది పెట్టుకుని ఆరు నెలలైన పెద్దాయన ఆడియోగ్రామ్ (ఏ శ్రుతి ఎంత చిన్నగా ఉన్నా వినబడుతుందో చూపే పటం) చూస్తే గీత 25, 30 డెసిబెల్స్ దగ్గర చక్కగా ఉంటుంది. తలుపు తట్టినా, కుక్కర్ విజిల్ వేసినా వెంటనే తల తిప్పుతాడు. అయినా ఇంట్లోవాళ్లు ఒక మాట రెండుసార్లు చెప్పాల్సి వస్తోందంటారు. ఇందులో ఎవరి మాటా అబద్ధం కాదు. చప్పుడు అందడం ఒకటి, మాట అందడం మరొకటి. ఆడియోగ్రామ్ మొదటిదాన్నే చెబుతుంది. రెండోది తెలియాలంటే మాట పరీక్ష, అంటే మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష, చేయాలి. చేసిన పరీక్ష పనికి రావాలంటే మార్కుతో పాటు అది ఏ పరిస్థితుల్లో వచ్చింది, ఎక్కడెక్కడ ఏ తప్పు పోయింది అనేవి కూడా కాగితం మీద ఉండాలి. వట్టి "62 శాతం" అని రాసి ఉన్న రిపోర్టును మళ్లీ ఎవరూ వాడుకోలేరు.

తిరుపతి, చిత్తూరు వైపు ఆడియాలజీ గదుల్లో పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. పరీక్ష ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న ఆడియాలజిస్టే చేయాలి. ఇంట్లోవాళ్లు చదివితే రిపోర్టులో ఏం చూడాలో, ఏం అడగాలో తెలుస్తుంది.

ఏ భాషలో?

ఇక్కడ మొట్టమొదట అడగాల్సింది ఇదే. నగరి, సత్యవేడు, కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామంది బజారులో తెలుగు, ఇంట్లో తమిళం మాట్లాడతారు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ తక్కువేం కాదు. "తెలుగు వచ్చా?" అని అడిగితే అందరూ వచ్చనే అంటారు. "చిన్నప్పుడు అమ్మతో ఏ భాష మాట్లాడేవాళ్లు? వినికిడి పోకముందు ఇంట్లో ఏది నడిచేది?" అని అడగండి. చిన్నప్పటి నుంచి చెవికి అలవాటైన భాషలోనే పరీక్ష చేయాలి. అది కుదరకపోతే ఏ భాషలో చేశారో, ఎందుకు చేశారో రాసి పెట్టండి.

యాస కూడా లెక్కలోకి వస్తుంది. పరీక్షకు వాడే మాటల జాబితాల్లో చాలావాటిలో ఉండేది పుస్తకాల తెలుగు, లేకపోతే కోస్తా తెలుగు. చిత్తూరు మనిషికి బంగాళాదుంప అంటే ఉర్లగడ్డ, ఉల్లిపాయ అంటే ఎర్రగడ్డ, వేరుశనగ అంటే చెనక్కాయ. అతనికి వాడుకలో లేని మాటను వినిపించి తప్పు వేస్తే మీరు కొలిచింది వినికిడిని కాదు. కొత్త జాబితా వాడేముందు వినికిడి బాగున్న ఇద్దరు ముగ్గురు స్థానికుల చేత ఆ మాటలు చదివించండి. వాళ్లు తడుముకున్న మాటలకు గుర్తు పెట్టుకోండి.

మార్కులు వేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త. "శనివారం" విని "సనివారం" అన్నా, "ఫోను"ను "పోను" అన్నా అది నోటి అలవాటే కావచ్చు. పరీక్షకు ముందే, జాబితాలో లేని పదిహేను ఇరవై మాటలు చదివించండి. చదువు రానివాళ్లకు బొమ్మలు చూపించి పేర్లు చెప్పించండి. శ, ష, స, ఫ, హ, ళ, ణ ఆయన నోట ఎలా పలుకుతున్నాయో రాసుకోండి. ఏళ్ల తరబడి వినికిడి లేనివాళ్లలో స, ష ముద్దగా పలకడం మామూలే. ఇది రాసి పెట్టుకోకపోతే నోటి తప్పు చెవి లెక్కలో పడుతుంది.

ముందు మిషన్ సంగతి చూడండి

మార్కు తక్కువ వచ్చాక మిషన్ తీసి చూస్తే గంట వృథా. కూర్చోబెట్టగానే బ్యాటరీ మార్చండి, లేదా పూర్తిగా చార్జయినది పెట్టండి. మైక్రోఫోన్ రంధ్రాల మీద ఉండే కవరు చూడండి. తిరుపతి ఎండలకు చెమట, పౌడరు, దుమ్ము కలిసి అక్కడ పేరుకుంటాయి. అలా మూసుకుపోయిన మైక్ ముందు పై శ్రుతుల్ని తినేస్తుంది, అందుకే మనిషి "వినబడుతోంది గానీ తేటగా లేదు" అంటాడు. మానిటర్ ఇయర్‌ఫోన్ పెట్టగలిగే ప్రాసెసర్ అయితే మీరే ఒకసారి విని చూడండి. కాయిల్ (అయస్కాంతంతో తలకు అంటుకునే బిళ్ల) వైరును వేళ్లతో కొంచెం వంచుతూ చూస్తే తెగీ తెగని వైరు బయటపడుతుంది.

తరువాత ప్రోగ్రామ్ నంబరు, వాల్యూమ్, సెన్సిటివిటీ రాసుకోండి. టెలికాయిల్ (ఫోను, లూప్‌ల అయస్కాంత సంకేతాన్ని పట్టే) ప్రోగ్రామ్‌లో ఉండిపోయి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఆ ప్రోగ్రామ్‌లో మైక్ మూగబోయి ఉంటుంది, లేదా బాగా తగ్గి ఉంటుంది. రోజూ ఇంట్లో ఏ ప్రోగ్రామ్ వాడతారో దాంతోనే పరీక్ష చేయండి. కంప్యూటర్‌కు కలిపి ఎలక్ట్రోడ్ల ఇంపిడెన్స్ (కరెంటుకు ఎంత అడ్డు తగులుతోందో) కూడా చూసేయండి. కొత్తగా ఓపెన్ సర్క్యూట్ (కరెంటు దారి తెగినట్టు) చూపించే ఎలక్ట్రోడ్లుంటే ముందు ఆ సంగతి తేలాలి.

మ్యాపింగ్ (ప్రాసెసర్ సెట్టింగులను, అంటే మ్యాప్‌ను, సరిచేసే) రోజున వరుస ఇలా ఉండాలి: ఇంటి నుంచి తెచ్చుకున్న పాత మ్యాప్‌తో మొదట పరీక్ష, ఆ తరువాతే కొత్త మ్యాప్. కొత్త మ్యాప్ పెట్టిన పది నిమిషాలకే పరీక్ష చేస్తే అలవాటు కాని శబ్దానికి మార్కు వేసినట్టవుతుంది. మిషన్ ఆన్ చేశాక 3, 6, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి పరీక్ష చేయడం చాలా చోట్ల ఉన్న పద్ధతి. ఆపరేషన్‌కు ముందు హియరింగ్ ఎయిడ్‌తో తీసిన మార్కు ఫైల్లో ఉంటేనే ఈ మార్కులకు పోలిక దొరుకుతుంది.

తిరుమలలో గుండు కొట్టించుకుని నేరుగా వచ్చేవాళ్ల విషయంలో ఒక చిన్న సంగతి. వెంట్రుకలు పోతే కాయిల్ చర్మానికి బాగా దగ్గరవుతుంది, అయస్కాంతం పట్టు బిగుస్తుంది. కాయిల్ తీసి కింద చర్మం చూడండి. ఎర్రగా కంది ఉన్నా, నొక్కుకుపోయినట్టు ఉన్నా తక్కువ బలం అయస్కాంతం పెట్టాలి. తలకు పూసిన గంధం తుడిచాకే కాయిల్ పెట్టండి. జుట్టు పెరిగాక పట్టు మళ్లీ చూడాల్సి ఉంటుందని ఇంటివాళ్లకు చెప్పి పంపండి.

గది, స్పీకరు, మీటరు

సౌండ్ బూత్ ఉంటే మంచిదే. లేకపోతే లోపలి గదిలో ఫ్యాను, ఏసీ ఆపేసి సౌండ్ లెవల్ మీటర్‌తో కొలవండి. మీటరు మీద A వెయిటింగ్ అనే, మనిషి చెవి తీరుకు తగ్గ కొలతలో 35 డెసిబెల్స్ దాటకుండా ఉండాలి. లెక్క సులువు: మాట 60 దగ్గర వినిపిస్తుంటే, గది గోల 45 ఉంటే, "నిశ్శబ్దంలో" అని రాసిన పరీక్ష నిజానికి 15 డెసిబెల్స్ తేడాతో గోలలో చేసినట్టు. ఇంప్లాంట్ చెవికి ఆ తేడా తెలుస్తుంది. మే నెలలో ఏసీ లేకుండా గంట కూర్చోవడం కష్టం కాబట్టి ముందే గది చల్లబరిచి, జాబితా నడిచే ఐదారు నిమిషాలు మాత్రం ఆపండి.

స్పీకరు మనిషికి నేరుగా ఎదురుగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, తల మధ్య నుంచి ఒక మీటరు దూరంలో ఉండాలి. కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించండి. తలకు ఆనుకునే ఎత్తు వీపు కుర్చీ వద్దు. మాట సరిగ్గా అందని మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు. 30 సెంటీమీటర్లు వంగితే దూరం 70 అవుతుంది, మాట 3 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుకే ప్రతి ఐదు మాటలకూ ఒకసారి వీపు కుర్చీకి ఆనుకుని ఉందో లేదో చూస్తుండండి.

స్థాయి సరిచేసేటప్పుడు కుర్చీలో ఎవరూ ఉండకూడదు. తల ఉండాల్సిన చోట మీటరు మైక్ నిలబెట్టి, జాబితాతో పాటు వచ్చే కాలిబ్రేషన్ (స్థాయి సరిచూసే) శబ్దాన్ని వినిపించండి. మీటరు A వెయిటింగ్‌లో, స్లో మీద 60 చూపించేవరకు ఆడియోమీటర్ సరిచేయండి. మాటల మీదే మీటరు పెట్టి సరిచేయకండి, ముల్లు ఊగుతూనే ఉంటుంది. 2011లో అమెరికాలో సవరించిన పెద్దవాళ్ల కనీస మాట పరీక్షల కట్టలో పెట్టుకున్న స్థాయి ఈ 60. అంతకుముందు 70 దగ్గర చేసేవాళ్లు. అది గొంతెత్తి మాట్లాడే స్థాయి. అక్కడ వచ్చే మార్కు చూడముచ్చటగానే ఉంటుంది గానీ వంటింట్లో భార్య మామూలుగా అడిగే మాటకు అది కొలత కాదు. మొబైల్లో ఉండే సౌండ్ మీటర్ యాప్ గోల ఎంతుందో ఉజ్జాయింపుగా చూడటానికి పనికొస్తుంది, కాలిబ్రేషన్‌కు పనికిరాదు.

మాటలు రికార్డు చేసినవే వాడాలి. నోటితో చదివితే ఈ రోజు ఒక వేగం, రేపు ఒక వేగం. మనిషి తడబడుతుంటే మన గొంతు తెలియకుండానే జాలిపడి పెరుగుతుంది. నోటితో చదివిన మార్కును రికార్డు మార్కుతో ఎప్పుడూ పక్కపక్కన పెట్టకండి.

రెండో చెవి

ఇంప్లాంట్ చెవి ఒక్కదాన్నే పరీక్షించాలంటే రెండో చెవి పక్కకు తప్పుకోవాలి. హియరింగ్ ఎయిడ్ తీసేసి, ఫోమ్ ప్లగ్ బాగా లోపలికి పెట్టి, పైన ఇయర్‌మఫ్ వేయండి. ఆ చెవిలో కొంచెమే వినికిడి మిగిలి ఉంటే ఇది సరిపోతుంది. రెండో చెవి దాదాపు బాగున్న మనిషి అయితే ప్లగ్ చాలదు. మాటను ప్రాసెసర్‌కు నేరుగా వైరు ద్వారానో స్ట్రీమింగ్ ద్వారానో పంపాలి, లేదా ఆ చెవికి మాస్కింగ్ శబ్దం (మాట అందకుండా కప్పేసే హోరు) ఇవ్వాలి. ఆ తరువాత ఎయిడ్ పెట్టి రెండూ కలిపి కూడా చేయండి. ఆ మనిషి రోజూ బతికేది ఆ స్థితిలోనే.

తేలిక నుంచి కష్టానికి

ముందు 250 నుంచి 6000 హెర్ట్జ్ వరకు వార్బుల్ టోన్లతో (శ్రుతి కొద్దిగా ఊగే శబ్దాలతో) ఎయిడెడ్ థ్రెషోల్డ్, అంటే మిషన్ పెట్టుకుని వినగలిగే అతి చిన్న స్థాయి, తీయండి. 20 నుంచి 30 డెసిబెల్స్ మధ్య ఉండాలి. 4000 దగ్గర 45 ఉంటే "స" ఎందుకు అందలేదో పరీక్షకు ముందే తెలిసిపోయినట్టే.

తరువాత లింగ్ ఆరు శబ్దాలు (కింది శ్రుతుల నుంచి పై శ్రుతుల దాకా చూసే చిన్న పరీక్ష): ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. ఇక్కడ తెలుగువాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది. మన నాలుక పొల్లు హల్లు దగ్గర ఆగదు, "స్" అనబోయి "స" అంటాం. అప్పుడు ఆయన విన్నది వెనక ఉన్న "అ"ను. గాలిని మాత్రమే వదలండి, గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటే అదురు ఉండకూడదు. నోటికి చెయ్యి, కాగితం అడ్డం పెట్టకండి. పెదాలు కనబడవు నిజమే, పై శ్రుతులూ ఆగిపోతాయి. ఎంబ్రాయిడరీ రింగుకు స్పీకర్ల ముందు వాడే పలచటి జాలిగుడ్డ బిగిస్తే రెండు పనులూ అవుతాయి.

ఆ పైన మాటలు. ఇంగ్లీషులో వాడే సీఎన్‌సీ (హల్లు–అచ్చు–హల్లు) జాబితాలో 50 ఏకాక్షర పదాలుంటాయి. మనకు ఈ, రా, పో, పూ లాంటివి పిడికెడే. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి జాబితాలు రెండక్షరాల మాటలతో ఉంటాయి. అక్షరం పెరిగితే ఊహకు ఆధారమూ పెరుగుతుంది. అందుకే ఇంగ్లీషు పరిశోధనల్లో కనిపించే శాతాలతో మన శాతాలను పోల్చకూడదు. మాటల తరువాత నిశ్శబ్దంలో వాక్యాలు, చివర గోలలో వాక్యాలు.

పుట్టుకతో వినికిడి లేక, సైగలతో పెరిగి, పెద్దయ్యాక ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లకు ఈ జాబితా సున్నా చూపించవచ్చు. సున్నా రాసి ఫైలు మూసేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. వాళ్లకు నాలుగు బొమ్మలు ముందు పెట్టి చూపించమనే పరీక్ష చేయండి. ఆవు, మామిడి, బెండకాయ అని రెండు, మూడు, నాలుగు అక్షరాల మాటలతో మొదలుపెట్టి, ఆ తేడా పట్టుకుంటే అన్నీ రెండక్షరాలే ఉన్న బొమ్మలకు వెళ్లండి. నాలుగింట్లో ఒకటి గుడ్డిగా చూపించినా 20కి 5 వస్తాయి. 9 గానీ అంతకు మించి గానీ వస్తేనే విని చెబుతున్నాడనండి. జవాబు రాసో, సైగతోనో చెప్పినా పరవాలేదు. సైగ చేస్తే ఆ సైగలు తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

అంకెలతో పరీక్ష చేసి సంబరపడేవాళ్లు కూడా ఉన్నారు. రెండు, ఒకటి, ఎనిమిది అక్షరాల లెక్కతోనే విడిపోతాయి. అంకెలన్నీ చెప్పేశాడంటే తేలేది తక్కువ.

ఎలా చెప్పాలి

పరీక్షించేది వినబడని మనిషిని. కాబట్టి సూచనలు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి చేతికివ్వండి: "స్పీకర్లోంచి ఒక్కొక్క మాట వస్తుంది. విన్నది విన్నట్టు చెప్పండి. సగమే వినబడినా ఆ సగం చెప్పండి. తప్పుపోయినా ఏం కాదు, ఊహించి అయినా చెప్పండి." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మన పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, తప్పు చెప్పడం నామోషీ. ఖాయంగా తెలిస్తేనే నోరు విప్పుతారు. అలా ఊరుకున్న చోట సున్నా పడుతుంది. "పెద్దమ్మా, ఏం వినబడిందో అదే చెప్పండి, అర్థం లేకపోయినా సరే" అని మధ్యలో మళ్లీ గుర్తు చేయండి.

ఐదు మాటలు అలవాటు కోసం వినిపించి తరువాత అసలు జాబితా మొదలుపెట్టండి. ఒక మాట ఒక్కసారే. తలూపడం, "ఆఁ కరెక్ట్" అనడం, మొహం చిట్లించడం ఏవీ వద్దు. తోడు వచ్చిన కొడుకును బయట కూర్చోబెట్టండి, లేదా ఆయన వెనకాల. పక్కన కూర్చుంటే తండ్రి తడుముకున్న ప్రతిసారీ అతని పెదాలు కదులుతాయి, తండ్రి కళ్లు అటే పోతాయి. కుప్పం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషికి ముందు టిఫిన్, టీ. ప్రతి ఇరవై నిమిషాలకు విరామం.

మార్కులు వేసేటప్పుడు

మాట మొత్తం సరిగ్గా ఉంటేనే ఒక మార్కు. దాని పక్కనే ధ్వనుల లెక్క కూడా వేయండి. "పాట" వినిపిస్తే "బాట" అన్నాడనుకోండి. మాటకు సున్నా, ధ్వనుల్లో నాలుగింటికి మూడు. 50 మాటలు అంటే సుమారు 200 ధ్వనులు. మాటల్లో 30 శాతమే వచ్చిన మనిషికి ధ్వనుల్లో 65 రావచ్చు. బాగుపడుతున్న జాడ ముందు అక్కడే కనిపిస్తుంది. టిక్కు, ఇంటూ పెట్టి వదిలేయకుండా ఆయన నోట వచ్చింది వచ్చినట్టు రాయాలి. చెయ్యి అంత వేగంగా ఆడకపోతే ఆయన అనుమతితో ఫోన్లో రికార్డు చేసుకోండి.

వాక్యాల దగ్గర తెలుగు కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలుగా ఉండేది మన దగ్గర ఒకే మాటకు అతుక్కుని ఉంటుంది. "బస్సులో", "బస్సుకు", "బస్సుతో" వీటిలో తేడా అంతా తోకలోనే ఉంది, తోక ఎప్పుడూ నీరసంగా పలుకుతుంది. "చేనుకాడికి"కి "చేనుకాడ" అంటే ఎన్ని మార్కులు? జవాబు ఏదైనా ఫరవాలేదు గానీ పరీక్షకు ముందే నిర్ణయించి కాగితం మీద పెట్టండి, మీ గదిలో అందరూ అదే పాటించాలి. మొత్తం మాట సరిగ్గా ఉంటేనే మార్కు ఇచ్చి, తోకల తప్పులు పక్కన వేరే గడిలో రాయడం మా దృష్టిలో మేలు. "వచ్చాడు"కు "వచ్చినాడు" అంటే యాస, మార్కు ఇవ్వాల్సిందే. "బంగాళాదుంప"కు "ఉర్లగడ్డ" అన్నాడంటే మాట అంది, మనసులో తన మాటలోకి మారిందన్నమాట. "విన్నది విన్నట్టు" అని ఒకసారి గుర్తు చేసి, వాక్యంలోనైతే మార్కు ఇచ్చి పక్కన నక్షత్రం పెట్టండి.

ఒక్క వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. వినిపించింది: "రేపు మీరు ఆసుపత్రికి వస్తారా?" ఆయన చెప్పింది: "రేపు వీడు ఆసుపత్రికి వస్తాడా?" నాలుగుకు రెండు మార్కులు. అయితే తప్పు నిజంగా రెండు చోట్ల జరిగిందా? "మీరు"ను "వీడు"గా విన్నాక తెలుగు వచ్చిన ఏ బుర్ర అయినా చివర్లో "వస్తాడా" అనే అతికిస్తుంది. చెవి ఒకసారి జారింది, వ్యాకరణం ఇంకో మార్కు తీసేసింది. అచ్చులు మాత్రం రెండు చోట్లా చెక్కుచెదరలేదు, ఈ తరువాత ఉ, అలాగే ఉన్నాయి. అంటే ఎక్కడ జారిందో కూడా వాక్యమే చెబుతోంది.

తప్పుల్లో దాగి ఉన్న సంగతి

ఇంప్లాంట్ మాటను కొన్ని పాయలుగా విడదీసి, ఒక్కో పాయ హెచ్చుతగ్గుల్ని ఒక్కో ఎలక్ట్రోడ్‌కు పంపుతుంది. కాలానికి సంబంధించిన తేడాలు, అంటే ఎంతసేపు సాగింది, ఎక్కడ ఆగింది అనేవి, బాగానే చేరతాయి. శ్రుతి లోపలి సన్నటి తేడాలు చెదిరిపోతాయి. తెలుగులో దీని ఫలితం ఇలా ఉంటుంది.

నెల–నేల, కొన–కోన, గడి–గడ్డి, కల–కల్ల. ఇవన్నీ నిడివి తేడాలు. ఇంప్లాంట్ మనిషికి ఇవి రావాలి. ఇవే తప్పుపోతుంటే ఆలోచించాల్సిందే: మ్యాప్‌లో స్థాయిలు బాగా తక్కువగా ఉన్నాయా, మనిషి అలసిపోయాడా, అసలు సూచన అర్థమైందా?

కుడి–గుడి, పాట–బాట, కాలి–గాలి. ఇక్కడ తేడా గొంతు అదురులో ఉంది. ఇవి తరచూ తప్పితే కింది శ్రుతుల వైపు చూడండి, 250, 500 హెర్ట్జ్ థ్రెషోల్డ్ మళ్లీ తీయండి.

పాట–పాత, కోట–కోత, మీరు–నీరు. నాలుక ఎక్కడ తగిలింది, పెదవి మూసుకుందా లేదా అన్న తేడాలు. అందరికీ కష్టమైనవి ఇవే, ఏళ్లు గడిచినా కొన్ని మిగులుతాయి. వీటి కోసం ప్రతి నెలా మ్యాప్ మార్చుకుంటూ పోవడం కన్నా, పెదాలు చూస్తూ వినే సాధన ఇవ్వడం మంచిది. మ, న తేడా కంటికి ఇట్టే దొరుకుతుంది. ట, త మాత్రం కంటికీ దొరకవు.

స, ష రాలిపోతే పై శ్రుతి ఎలక్ట్రోడ్లు, మైక్ కవరు చూడాలి. ఎలక్ట్రోడ్ నంబర్లతో తికమక పడకండి. కాక్లియర్ కంపెనీ మిషన్లో 22వది కింది శ్రుతిది, మెడ్‌ఎల్‌లో, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 1వది కింది శ్రుతిది.

ఇంకో నాలుగు మాటల గుంపును విడిగా పరీక్షించడం మన భాషలో చాలా ఉపయోగం: వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు. ఎవరు వస్తున్నారన్నది ఆఖరి ఒక్క అక్షరంలో ఉంది. పెద్దవాళ్లు "మాట తెలుస్తోంది, సంగతి తెలియడం లేదు" అనేది ఎక్కువగా ఇక్కడే. ఇలాంటి జతల్ని మీరే రాసుకోవచ్చు. అయితే అవి తప్పులు వెతకడానికీ, సాధనకూ మాత్రమే. రిపోర్టులో వేసే మార్కు మాత్రం పరిశోధకులు ఒకదానికొకటి సమానంగా తూకం వేసి తయారు చేసిన జాబితాల నుంచే రావాలి.

గోలలో

నిశ్శబ్దంలో వాక్యాలు 50 శాతం దాటని మనిషికి గోల పరీక్ష చేయకండి. సున్నా వస్తుంది, మనసు విరుగుతుంది, తెలిసేది ఏమీ ఉండదు. 90 దాటినవాళ్లకు మాత్రం ఇదే అసలు పరీక్ష. తిరుపతి బస్టాండులో నిలబడి "పీలేరు మీదుగా మదనపల్లె" అన్న కేకను పట్టుకోవాల్సిన మనిషికి నిశ్శబ్దపు గది మార్కు ఏం చెబుతుంది?

మాట, గోల రెండూ ఎదురు స్పీకర్లోంచే. మాట 60, గోల 50తో మొదలుపెట్టండి, అంటే తేడా +10. అది తేలికైతే గోల 55, తేడా +5. గోలగా నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడే రికార్డు వాడితే నిజానికి దగ్గరగా ఉంటుంది. గోల, వాక్యం కన్నా ఒకటి రెండు సెకన్ల ముందే మొదలవ్వాలి. రెండూ ఒకేసారి మొదలైతే ప్రాసెసర్ శబ్దాన్ని తగ్గించుకునే లోపు వాక్యంలో మొదటి మాట పోతుంది. ప్రతి వాక్యంలో మొదటి మాటే తప్పుతోందంటే ముందు దీన్ని అనుమానించండి. ప్రాసెసర్‌లో గోల తగ్గించే ఏర్పాటు, ముందు వైపే వినే మైక్ ఆన్‌లో ఉన్నాయో ఆఫ్‌లో ఉన్నాయో రాయాలి.

ఇంకో పద్ధతిలో తేడా మారుతూ పోతుంది. +10 దగ్గర మొదలుపెట్టి, వాక్యం సరిగ్గా చెబితే 2 డెసిబెల్స్ కష్టం చేయండి, తప్పితే 2 తేలిక చేయండి. ఇరవై వాక్యాలు నడిపి, మొదటి నాలుగైదు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. సగం వాక్యాలు అందే తేడా అది. ఈ పద్ధతిలో మార్కు అడుగునా పైనా ఇరుక్కుపోదు.

రెండు మార్కుల మధ్య తేడా నిజమేనా?

మార్చిలో 50కి 22, సెప్టెంబరులో 28. అంటే 44 నుంచి 56 శాతం. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, సంతోషించనివ్వండి, రిపోర్టులో మాత్రం "మెరుగుదల" అని రాయకండి. మధ్య మార్కుల దగ్గర 50 మాటల జాబితా తనంతట తానే సుమారు 18 నుంచి 20 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. 25 మాటల సగం జాబితా అయితే ఆ ఊపు 28 దాకా పోతుంది. రెండు జాబితాలు కలిపి 100 మాటలు చేస్తే 14 దగ్గరికి దిగుతుంది. టైము లేదని సగం జాబితాతో సరిపెట్టడం వల్ల పోగొట్టుకునేది ఇదే. ఈ లెక్క విడి మాటలకే. వాక్యంలో మాటలు ఒకదాన్నొకటి లాగుతాయని పైన చూశాం, కాబట్టి వాక్యాలకు ఆ జాబితాతో వచ్చిన సొంత పట్టికే వాడాలి.

అదే జాబితా మళ్లీ వినిపిస్తే గుర్తుపట్టి చెప్పేస్తారు. ఎవరికి ఏ తేదీన ఏ నంబరు జాబితా వాడారో రిజిస్టరులో రాయండి. సాధన కోసం జాబితా జిరాక్స్ ఇమ్మని ఇంటివాళ్లు అడుగుతారు, ఇవ్వకండి. సాధనకు వేరే మాటలు ఇవ్వండి.

రిపోర్టులో ఒక వరుస ఇలా ఉంటే చాలు: "కుడి చెవి ఇంప్లాంట్ మాత్రమే, ఎడమ చెవికి ప్లగ్, మఫ్. ప్రోగ్రామ్ 1, వాల్యూమ్ 6. తెలుగు మాటల జాబితా 3, రికార్డు, ఆడ గొంతు, ఎదురుగా ఒక మీటరు, 60 డెసిబెల్స్ A, గది 33. మాటలు 50కి 31, ధ్వనులు 200కి 158. ట–త, మ–న తప్పులు ఎక్కువ."

మార్కు పడిపోతే

20 పాయింట్లకు మించి పడితే వేరే జాబితాతో అదే రోజు మళ్లీ చేయండి. మళ్లీ తక్కువే వస్తే ప్రాసెసర్, కాయిల్, వైరు, మైక్ కవరు మంచివని తెలిసిన వేరేవాటితో ఒక్కొక్కటిగా మార్చి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే దోషం దేనిదో తెలియదు. తరువాత ఇంపిడెన్స్‌ను పాత రికార్డుతో పోల్చండి. తరువాత ఆయన్ను అడగండి: ఈ మధ్య జ్వరమా, తల తిరగడమా, కింద పడ్డారా, రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు? గంటల సంగతి నోటి లెక్క నమ్మకండి, చాలా ప్రాసెసర్లు ఆ లెక్కను దాచుకుంటాయి, కంప్యూటర్‌కు కలిపితే కనిపిస్తుంది. పరికరం బాగుంది, వాడకం బాగుంది, అయినా మార్కు లేవలేదు, లేదా కాయిల్ పెట్టగానే నొప్పి, మొహం అదరడం, ఉండుండి శబ్దం తెగిపోవడం ఉంటే మ్యాపింగ్‌తో కాలయాపన చేయకుండా పాత, కొత్త జవాబు కాగితాలు రెండూ జతచేసి ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి పంపండి.